ఇంకొక్క వేలు దిగనీ, తుపాకి కొందాం

తుపాకుల ధరలు పడిపోతున్నాయన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చినవాడు కళాయి సాయిబు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి, మా వాకిట్లో కొలిమి పెట్టుకొని, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసి పోయేవాడు. ఆ రోజు గిన్నెలో గుడ్డ తిప్పుతూ, తలెత్తకుండానే చెప్పాడు.

"చిత్తూర్లో మా బావది తుపాకుల అంగడి గదమ్మా. అడిగే నాథుడు లేడు. వేటాడగూడదని సర్కారు చట్టం చేసినాక, పెద్ద పెద్ద ఇండ్లోళ్ళంతా తాతల కాలం తుపాకులు తెచ్చి ఆయన నెత్తినేస్తా ఉండారు. గోడకి కట్టెల మాదిరి ఆనించి పెట్టుకోనుండాడు."

అరుగు మీద కూర్చున్న మా మామ, అంటే నా పెనిమిటి తండ్రి, చెవులు నిక్కించాడు. అది డెబ్బైల చివరి మాట. ఆయనకు అప్పుడే తుపాకి లైసెన్సు వచ్చింది, తుపాకి ఇంకా కొనలేదు.

మా పల్లె కార్వేటినగరం కొండల అంచున ఉండేది. కొండ దిగి అడవిపందులు చేలలో పడేవి. పంట కాపలాకని అర్జీ పెట్టుకుంటే, ఆఫీసుల చుట్టూ తిప్పి తిప్పి లైసెన్సు ఇచ్చారు. ఇచ్చినవారికి ఈ రోజుకీ నా నమస్కారాలు. మామ మాత్రం ముందు కొండకు పోయి, వరాహస్వామి గుడి దగ్గర చెంపలేసుకొని వచ్చాడు. పందిని కొట్టననీ, గాలిలోకి పేల్చి బెదిరిస్తాననీ మొక్కుకున్నాడట. కొనని తుపాకికి అంత నియమం పెట్టినవాడు జిల్లాలో మరొకడు ఉండి ఉండడు.

ఆ తుపాకి కావలసింది నిజానికి మామకు కాదు, వాళ్ళక్కకు. ఆమెను నేను పెద్దత్త అనేదాన్ని. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పసుపు కుంకుమల కింద తండ్రి ఇచ్చిన ఎకరం బావి కింద ఉండేది. అందులో వేరుశనగ వేసుకొని, ఆ పంట మీదే ఏడాదంతా బతికేది. మా పొయ్యి మీదే వండుకునేది కానీ తన కుండ వేరు. "తమ్ముడి నీడన పండుకుంటా, తమ్ముడి కూడు మాత్రం తినను" అనేది. ఆ మాట నిలబడాలంటే ఆ ఎకరం పండాలి. ఎకరం పండాలంటే పందులు రాకూడదు. అందుకని చేలో మంచె వేయించుకొని, నూనె డబ్బా వాయిస్తూ, గొంతు చించుకొని అరుస్తూ కాపలా కాసేది.

మా మామది ఎడ్ల బేరం. చుట్టుపక్కల ఏ సంత జరిగినా ఆయన ఉండవలసిందే. ఎడ్ల సంతలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీదా ఒక తువ్వాలు కప్పుకొని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకొని బేరం చేస్తారు. ఎన్ని వేళ్ళు పడితే అంత. పక్కనున్నవాడికి ఏమీ తెలియదు. ముప్పై ఏళ్ళు ఆ తువ్వాలు కింద బతికిన మనిషికి లోకమంతా అలాగే కనిపించేది. దిగుతున్న సరుకును కొనేవాడు పిచ్చివాడనీ, అమ్మేవాడి నోట్లో నిజం ఉండదనీ ఆయనకు రెండు వేదవాక్కులు.

కాబట్టి ధర దిగుతోందని వినగానే తుపాకి కొనడం మానుకున్నాడు.

మానుకున్నాడంటే పోవడం మానలేదు. కుదిరినప్పుడల్లా బస్సెక్కి చిత్తూరు పోయి, తుపాకి చూసి, ఒక వేలు తగ్గించి, కొనకుండా తిరిగొచ్చేవాడు. ఒకసారి పంటి నొప్పికి చూపించుకోవాలని నేనూ వెంట పోయాను. సాయిబు బావ పాపం ఎంతో మర్యాదస్తుడు. నాకు స్టూలు వేసి, మామ చేతికి తుపాకి అందించాడు. మామ దాని కట్టెను ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరాడు. గొట్టంలోకి తొంగిచూశాడు.

"వయసెంతప్పా దీనికి?"

"తెల్లోళ్ళ నాటిది పెద్దాయనా."

"ముసిల్దే. సుడి గిడి ఏమన్నా ఉండాదా?"

"ఇది ఎద్దు గాదు పెద్దాయనా, సుడులుండేదానికి."

"ఎద్దు గాదని నాకూ తెలుసులేప్పా. ముందు ఎవురింట్లో ఉండింది? ఆ ఇంట్లో ఎవురన్నా పోయినారా?"

"తాతల కాలం నుంచి ఉండేదాని ఇంట్లో ఎవురూ పోకుండా ఉంటారా?" అన్నాడాయన.

మామకు ఆ జవాబు నచ్చింది. భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. ఆ అంగడాయనకు అప్పటికి అలవాటైపోయినట్టుంది, పెండ్లికొడుకు మాదిరి చెయ్యి చాపాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కాసేపు తువ్వాలు కదిలించారు. తువ్వాలు తీశాక మామ ముఖం వెలిగిపోతోంది.

"ఇంకొక వేలు దిగినాడమ్మాయ్! పోయిన తూరి కొనుంటే ఆ వేలు పోయుండేది" అన్నాడు బస్టాండులో. ఆ వేలు మిగిలిన సంతోషంలో నాకు బత్తాయి రసం ఇప్పించాడు. పంటి నొప్పితోనే తాగాను. మామగారు ప్రేమతో ఇప్పించింది ఎలా కాదంటాను?

అలా తుపాకి కొననందువల్ల మాకు వచ్చిన లాభంతో ఊరంతా బాగుపడింది. ఆయన లైసెన్సు గడువు దాటితే మళ్ళీ అర్జీ పెట్టి పొడిగించుకునేవాడు. అరుగు మీద చేరినవాళ్ళు తలా ఒక సలహా ఇచ్చేవాళ్ళు. చింతపండు ధర ఎప్పుడు దిగుతుందో తెలియనివాళ్ళు కూడా తుపాకి ఎప్పుడు దిగుతుందో చెప్పేవాళ్ళు. వాళ్ళందరికీ కాఫీలు పెట్టే భాగ్యం నాకు దక్కింది.

పెద్దత్త తెల్లవారి చేను నుంచి వచ్చి, బొంగురు గొంతుతో అడిగేది. "ఏమప్పా తమ్ముడా, తుపాకి ఎంతవరకు వచ్చినాది?"

"ఓర్చుకోక్కా. ఇంకొక్క వేలు దిగనీ."

"నీ వేళ్ళు దిగేలోపల పందులు నా చేన్లో దిగినాయి. ఆ తుపాకి ఏదో దొరికిన ధరకి తెచ్చుకోరాదా?"

"ఆడోళ్ళకి బేరం ఏం తెలుసక్కా!"

"నిజమేప్పా. పందులకి తెలుసు. అవి బేరమాడకుండా తింటా ఉండాయి."

నేను పొయ్యి వైపు తిరిగి నవ్వుకునేదాన్ని. పెద్దత్త మాత్రం నవ్వేది కాదు.

ఆ చలికాలం పైరు బ్రహ్మాండంగా వచ్చింది. ఊడలు దిగి, కాయ పాలు పోసుకుంటున్న సమయం. పందులకు అంతకు మించిన విందు లేదు. సరిగ్గా అప్పుడే ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషనులో అప్పగించాలి, అంతా అయ్యాక తెచ్చుకోవాలి. ఆ తిరుగుడు పడలేక చాలామంది అంగడికి తెచ్చి అమ్మేశారు. ధర నేల మీద పడింది. మామ తువ్వాలు దులిపి బయలుదేరాడు.

ఆ అంగడాయన నిజాయితీపరుడు. దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి. "పెద్దాయనా, ఈ నెల వద్దు. ఎన్నికలైపోనీండి, ఇదే ధరకి నేనే ఎత్తిపెట్టి ఇస్తా" అన్నాడట.

మామకు అనుమానం వచ్చింది. సంతలో ఎద్దు యజమాని 'ఇప్పుడు అమ్మనులే' అన్నాడంటే, ధర రేపు లేస్తుందని అర్థం. వద్దన్నవాడి దగ్గరే కొనాలి, అదీ వెంటనే. ఇన్నాళ్ళు కొనమంటే కొననివాడు, వద్దనేసరికి డబ్బు లెక్కపెట్టి తుపాకి కొన్నాడు. దారి పొడుగునా ఎంత తెలివిగా పట్టాడో బస్సులో అందరికీ చెప్పాడట.

ఇంటికి రాగానే కొత్త ఎద్దుకు చేసినట్టే చేశాం. గడప దగ్గర నిలబెట్టి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఎర్రనీళ్ళతో దిష్టి తీశాను. గొట్టానికి బంతిపూల దండ వేశాడు మామ. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసిపోయారు. పెద్దత్త కూడా దానికి దండం పెట్టింది. ఆ రాత్రి నిశ్చింతగా పడుకోవచ్చని నమ్మింది పిచ్చితల్లి.

కొన్న తుపాకిని ముందు స్టేషనులో చూపించి రాయించుకోవాలి. మామ పంచె మడత నలగకుండా, తుపాకి ఎత్తుకొని పోయాడు. అక్కడ కూర్చున్న పోలీసాయన చాలా సంతోషించాడట. "మేమే కబురు పెట్టేవాళ్ళం. మీరే తెచ్చినారు. రాసుకుంటాం, ఈడ పెట్టి పొండి. ఎన్నికలైనాక రండి" అన్నాడట. ఊరికి అంత విధేయుడైన పౌరుడు అంతకు ముందు ఎవరూ లేరని కాఫీ కూడా ఇప్పించాడట.

మామ రసీదుతో తిరిగొచ్చాడు. పెద్దత్త దాన్ని చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు.

"దీన్ని మంచె మీద కట్టరాదా తమ్ముడా? పందులు చదువుకోని పోతాయి."

అని డబ్బా తీసుకొని చేను వైపు నడిచింది.

ఆ ఎన్నికలయ్యేదాకా ఆమె డబ్బా వాయించింది. పందులు ఒక గట్టున తరిమితే మరో గట్టున దిగాయి. కాయ పెరికే నాటికి ఎకరంలో సగం కుళ్ళగించి వదిలాయి. మామ తుపాకి తెచ్చుకొని, పెరికేసిన చేలో నిలబడి గాలిలోకి ఒకటి పేల్చాడు. "సూసినారా, ఒక్క పంది రాలేదు" అన్నాడు. తర్వాత ధర ఇంకొక్క వేలు దిగిందని తెలిసి, ఆ వేలు కోసం కన్ను మూసేదాకా బాధపడ్డాడు. చేను సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. సిగ్గుపడే ఎత్తలేదని నేను అనుకుంటాను. చెడ్డవాడు కాదు.

ఆ వేసవి పెద్దత్త కుండ పొయ్యి మీద ఒక్క పూటే ఎక్కింది. మొదట నేను గమనించలేదు. గమనించి, ఒక రోజు మా సంగటి ఒక ముద్ద ఆమె పళ్ళెంలో పెట్టాను. తీసి నా పళ్ళెంలోనే వేసింది.

"వద్దమ్మా. చేను పెట్టినంత తిన్నా, చాలు. నీ మామకి చెప్పబాక. బేరంలో గెలిచినానని సంతోషంగా ఉండాడు."

చెప్పలేదు. ఎండాకాలమంతా ఆమె ఒంటిపూటే తిన్నది, శనివారం ఒక్కపొద్దని అడిగినవాళ్ళకు చెప్పుకుంది. అన్ని రోజులూ శనివారాలేనా అని ఇంట్లో ఎవరూ అడగలేదు.

మా మామను తలచుకొని మీరు నవ్వుకుంటే నాకు సంతోషమే. ఆయన ఉన్నా నవ్వేవాడు. కానీ ఈ నాలుగు మాటలు చదివినవారు, ఇంట్లో దీపం పెట్టినప్పుడు ఒక్కసారి మా పెద్దత్తను తలచుకోండి.