మూడో వంతు మావయ్య

మా మావయ్య ఏ పనీ ఒక్క విడతలో చెయ్యడు. అమ్మకి స్వయానా తమ్ముడు, నలభై ఏళ్లుగా కార్ల మెకానిక్, మనిషి బంగారం. కానీ కాఫీ ఇస్తే మూడో వంతు తాగి గ్లాసు పక్కన పెట్టేస్తాడు. ఒక్క పేపరు మూడు రోజులు చదువుతాడు. షెడ్డు తలుపుకి రంగు వెయ్యడం మొదలుపెట్టి ఆరేళ్లయింది, ఇప్పటికి గొళ్లెం దాకా వచ్చింది.

పెళ్లి చేసుకుంటావా అని అత్తయ్యని అడగడానికీ మూడు విడతలు పట్టిందట. మొదటిసారి "నిన్నొక మాట అడగాలి" అని వెళ్లిపోయాడు. నెల తర్వాత వచ్చి "ఆ మాట మనిద్దరి గురించే" అన్నాడట. మూడోసారి నోరు తెరిచేలోపే అత్తయ్య "సరే చేసుకుంటాను, ఇంక కూర్చో" అందట.

అలాంటి మనిషి చేతిలో నా కారు పెట్టడం నా ఖర్మ. నాన్న వాడి నాకిచ్చిన ఆటోమేటిక్ కారది, రెండు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. ఏడాదిగా మా ఇంటి ముందు దుప్పటి కప్పుకుని పడుకుంది. కారణం కారు కాదు, నేను. ఓ వానరోజు వంతెన మలుపులో జారి పిట్టగోడని గుద్దాను. ఒంటి మీద గీత కూడా పడలేదు గానీ, ఆ తర్వాత స్టీరింగ్ పట్టుకుంటే చాలు, చేతులు వణికేవి. ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే గేరు సరిగా పడటం లేదని నెపం కారు మీదకి నెట్టేశాను. అది పూర్తిగా అబద్ధమూ కాదు. గేరు మారినప్పుడల్లా వెనకనించి వీపు మీద చరిచినట్టు కుదిపేది.

అంతలో ఉద్యోగం వచ్చింది. నేను ఫిజియోథెరపిస్టుని. మంచం దిగలేని పెద్దవాళ్ల ఇళ్లకి వెళ్లి వాళ్లని మళ్లీ నడిపించాలి. ఇళ్లన్నీ ఊరికి దూరం, బస్సులు అటు పోవు. రెండు నెలల్లో సొంతంగా బండి నడుపుకుంటూ వస్తేనే ఉద్యోగం నాది, లేదంటే ఇంకొకరికి. ఎన్నేళ్ల నుంచో ఎదురుచూస్తున్న ఉద్యోగం అది.

"గేర్ ఆయిల్ మొత్తం మార్చెయ్యి మావయ్యా, రేపటికల్లా" అన్నాను.

మా ఇంటి ముందే కారు కిందకి దూరాడు. బోల్టు విప్పి, కారిన నూనె వేలికి రాసుకుని వాసన చూశాడు. ఎర్రగా ఉండాల్సింది తారులా ఉంది. కారినంత కొలిచి, సరిగ్గా అంతే కొత్తది పోశాడు. లోపల ఇంకా రెండు వంతులు పాతదే. ముసలి బండికి ఒక్కసారిగా అంతా కడిగేస్తే క్లచ్ ప్లేట్లు పట్టు తప్పుతాయని, పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెంగా కలవాలని ఉపన్యాసమిచ్చాడు. అదీ మూడో వంతే. మిగతాది భోజనం తర్వాత చెప్పాడు.

"ఇప్పుడు రెండు వందల కిలోమీటర్లు తిప్పుకుని రా. అప్పుడు రెండో విడత."

"నువ్వే తిప్పు మావయ్యా."

"నా పాదం బరువు వేరు, నీ పాదం బరువు వేరు. ఎవరు నడుపుతారో వాళ్ల పాదానికే నూనె అలవాటు పడాలి."

నలభై ఏళ్ల అనుభవం ముందు నేనేం మాట్లాడను? స్టీరింగ్ ముందు కూర్చున్నాను. తను పక్క సీట్లో ఎక్కాడు. మొదటి రోజు వీధి చివరిదాకా వెళ్లాం. చేతికర్రతో ఒక ముసలాయన మమ్మల్ని దాటుకుపోతుంటే మావయ్య కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేను ఎక్కడ బిగుసుకుపోతే అక్కడ, గేరు చప్పుడు వినాలి ఆపమనేవాడు. ఇంజను కూడా ఆపించి మరీ వినేవాడు.

రెండో విడత అయ్యాక తనకి నడుం పట్టేసిందన్నాడు, ఒక్కదాన్నే తిప్పాల్సి వచ్చింది. మూడో విడత అయ్యాక నూనె బాగా వేడెక్కాలంటే ఎత్తు ఎక్కాలన్నాడు. మా ఊళ్లో ఎత్తంటే ఆ వంతెనే. దారంతా తిట్టుకుంటూ పోయాను. మలుపు దగ్గర చేతులు వణికాయి, అయినా ఆపలేదు. అవతల ఒడ్డున దిగి కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని, అదే వంతెన మీద వెనక్కొచ్చాను. గేరు పడుతున్నట్టే తెలియలేదు.

ఉద్యోగంలో చేరే ముందు రోజు చివరి విడతకి రమ్మన్నాడు. వెళ్తే షెడ్డులో అచ్చం నా కారులాంటిదే ఇంకొకటి ఉంది, బాగా తిరిగిన టాక్సీ. డ్రైవరు అద్దాలు తుడుచుకుంటున్నాడు. పొద్దున తెచ్చాడట. అప్పటికే మూడు విడతల నూనె మార్చడమూ అయిపోయిందట. మధ్యమధ్య మావయ్యే నాలుగు సందులు తిప్పుకొచ్చాడట.

నాకు ఒళ్లు మండింది.

"ఈయన పాదం బరువేమైంది మావయ్యా?"

మావయ్య గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. దొరికిపోయానన్న బెరుకేమీ లేదు.

"బండికి ఒక్క పూట చాలే. నీకే రెండు నెలలు పట్టింది."

నా భయం సంగతి ఎవరు చెప్పారని అడిగాను. గేరు పాడైతే ఎవరైనా మెకానిక్ దగ్గరికి తెస్తారు గానీ, మేనమామ మెకానిక్ అయ్యుండి ఏడాదిపాటు దుప్పటి కప్పుతారా అన్నాడు.

"మరి ఈ చివరి విడతేంటి?"

"నూనె పని మూడోసారికే అయిపోయింది. నువ్వొక్కదానివే నడుపుకుంటూ రావడం కళ్లారా చూద్దామని రమ్మన్నాను."

నాకు ఉద్యోగం దక్కిందంటే, వానలోనైనా బండి తియ్యగలుగుతున్నానంటే, ఆయన చలవే. ఆ మాటే చెప్పి గట్టిగా పట్టుకున్నాను. గ్రీజు అంటుతుందే అని వెనక్కి తగ్గుతున్నా వదల్లేదు. మర్నాడు ఆ చొక్కాతోనే మొదటి ఇంటికి వెళ్లాను. భుజం మీద ఆ మరకేంటమ్మా అని మంచంలోని పెద్దావిడ అడిగితే, మా మావయ్యది అని గొప్పగా చెప్పుకున్నాను.