‘మా గురించి’ పేజీలో ఏడో చీర

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, దసరా ఇంకా నెల రోజులుందనగా, ప్రొద్దుటూరులోని ఒక పెద్ద బట్టల అంగడికి వెబ్‌సైటు తయారుచేసే పని నాకు అప్పగించారు. అప్పటికి నా హోదా సీనియర్ డిజైనర్. వినడానికి బాగానే ఉంటుంది గానీ అదే ఊళ్ళో ఉన్న మా ఆఫీసులో డిజైనర్లు ఇద్దరే. రెండో ఆమె ప్రసూతి సెలవులో ఉండేది, కాబట్టి సీనియరూ నేనే, జూనియరూ నేనే. అంతకుముందు చాలా ఏళ్ళు ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ చేశాను. శుభలేఖలో పెళ్ళికూతురి పేరు తప్పు పడితే రెండు ఊళ్ళ జనం ప్రెస్సు మీదికి రావడం చూసినదాన్ని. వెబ్‌సైటులో ఆ బాధ లేదు, తప్పు పడితే దిద్ది మళ్ళీ ఎక్కించవచ్చు అనుకునేదాన్ని. ఆ ధీమాయే నా కొంప ముంచింది.

మా యజమాని ఖాదర్ భాయ్. వయసులో నాకంటే చిన్న, నన్ను అక్కా అనేవాడు. మంచివాడే గానీ నియమాల మనిషి. నా నియామక పత్రంలో ఒక వాక్యం ఉండేది: కస్టమర్ల విషయాలు బయట మాట్లాడకూడదు, రాయకూడదు. అది పాస్‌వర్డుల గురించని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను, ఎందుకంటే నాకు అప్పటికే ఒక బ్లాగు ఉంది.

దాని గురించి చెప్పాలి. మాకు జమ్మలమడుగులో నాపరాళ్ళ వ్యాపారులు, పులివెందులలో బడులు, ఆస్పత్రులు కస్టమర్లు. సైటుకు కావాల్సిన ఫొటోలు, వివరాలు అడిగితే ఎవరూ పంపరు. మనమే వెళ్ళి తెచ్చుకోవాలి. నెలకు నాలుగైదు సార్లు బస్సులో తిరిగేదాన్ని. పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా తిరిగి వచ్చేలోపు ఫోన్లో ఒక టపా రాసెయ్యవచ్చు. ఆరోజు చూసిన మనుషులు, వాళ్ళ పని తీరు, వాళ్ళ మాటలు. నా పేరు పెట్టేదాన్ని కాదు. ‘ముద్దనూరు బస్సు’ అని బ్లాగు పేరు, కింద ‘ఒక ప్రయాణికురాలు’ అని సంతకం. ఆ ఏటికి జనమంతా బ్లాగులు వదిలేసి ఫేస్‌బుక్‌కు పోయారు. నా దగ్గర రోజుకు ఇరవై మంది మిగిలారు. ఆ ఇరవై మందిలో ఒకరు ‘భలే’ అని ఒక్క మాట రాస్తే చాలు, ఆ వారమంతా వంటింట్లో కూనిరాగాలే. మా ఆయన ముఖం చూసి, ఎవరో ఏదో రాసినట్లున్నారే అనేవాడు. ఇంట్లో ఆయనకు తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు.

బట్టల అంగడి ఫొటోల కోసం రెండు రోజులు అక్కడే కూర్చున్నాను. యజమానిని ఊళ్ళో అందరూ శెట్టిగారనే అంటారు. అక్కడ నేను ఒక వింత కనిపెట్టాను. పెళ్ళి బట్టలకు వచ్చేవాళ్ళు పది పన్నెండు మంది కలిసి వస్తారు. తెల్ల దుప్పటి పరిచిన పరుపుల మీద వాళ్ళు కూర్చోగానే, గుమాస్తా ఎప్పుడూ ఒకే అరలోంచి ఆరు చీరలు తీసి వరుసగా విప్పుతున్నాడు. వాళ్ళు వరుసగా ఆరింటినీ వద్దంటున్నారు. ఏడోది వేరే అరలోంచి వస్తుంది, అక్కడ మొదలవుతుంది అసలు బేరం. తరువాత వచ్చిన వాళ్ళకూ అవే ఆరు. రెండో రోజు నేను గుమాస్తాను కాఫీ తాగుతుండగా పట్టుకుని అడిగితే నవ్వి చెప్పాడు. వాటిని దిష్టి చీరలంటారట. పన్నెండు మంది వచ్చిన చోట తలా ఒకసారి వద్దనందే ఎవరికీ పెద్దరికం దక్కదు, మంచి చీర ముందు విప్పితే ఆ వద్దనడం దాని మీద పడుతుంది, అందుకని ఈ ఆరూ. మూడేళ్ళుగా అవి విప్పడానికీ మడవడానికీ తప్ప అమ్మడానికి కాదు.

ఇంత మంచి సంగతి దొరికితే రాయకుండా ఎలా ఉండను? మరుసటి రోజు పులివెందుల బస్సులో రాసేశాను. అంగడి పేరు రాయలేదు, ‘ప్రొద్దుటూరులో ఒక శెట్టిగారు’ అన్నాను. నా మటుకు నాకు అది అప్పటిదాకా రాసిన వాటిలో మేటి టపా.

ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి. పేజీ రూపం దిద్దేటప్పుడు కస్టమర్ ఇవ్వాల్సిన రాత చేతికి రాదు. ఖాళీ నింపడానికి ఏదో ఒకటి పోస్తాం, దాన్ని డమ్మీ టెక్స్ట్ అంటాం. లోకమంతా వాడే డమ్మీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. తెలుగుకు అది పనికిరాదు. మన గుణింతాలు పైకి, ఒత్తులు కిందికి పోతాయి, వరుసల మధ్య ఎంత ఎడం ఉండాలో తెలుగు పోసి చూస్తే గానీ తెలియదు. అందుకని నేను నా టపాలే పోసేదాన్ని. శెట్టిగారి సైటులో ‘మా గురించి’ అనే పేజీకి ఏ టపా పోశానో వేరే చెప్పక్కర్లేదు. చేతికి అందిందని కాదు, నాలో నేను నవ్వుకోవడానికి. ఒళ్ళు తెలియని సంతోషం మరి.

‘మా గురించి’ రాసిస్తానని ఒక రిటైర్డు తెలుగు పండితుడు ఒప్పుకున్నారు. రోజూ రేపిస్తానంటున్నారు. ఈలోగా శెట్టిగారి పురోహితుడు ముహూర్తం పెట్టేశాడు. దసరాకు ఆరు రోజుల ముందు, శుక్రవారం ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు సైటు జనానికి కనబడాలి. మా దగ్గర ముహూర్తం లేకుండా ఏ సైటూ లైవ్ కాదు. మానిటర్‌కు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, యజమాని చేతనే మీట నొక్కించాలి. ఆ సరంజామా అంతా ఖాదర్ భాయ్ ఒక సంచిలో సిద్ధంగా ఉంచేవాడు. కాయ కుళ్ళిపోతే కష్టమని రెండు తెచ్చేవాడు.

పండితుల రాత ముహూర్తానికి అందలేదు. నేను చేసిందేమిటంటే, పైనున్న మెనూ పట్టీలోంచి ‘మా గురించి’ లంకెను తీసేశాను. లంకె లేకపోతే ఎవరూ ఆ పేజీకి పోలేరు, రాత వచ్చాక పెట్టుకోవచ్చు. అయితే మా సైట్లకు పట్టీలు రెండు. ఒకటి కంప్యూటర్ తెరకు, రెండోది ఫోను తెరకు. నేను మొదటిదాంట్లో తీశాను. రెండోది గుర్తు రాలేదు. శెట్టిగారు పెద్ద మానిటర్ మీద చూసుకుని మురిసిపోయారు, మేం లడ్లు తిన్నాం. ప్రొద్దుటూరు మాత్రం ఫోన్లో చూసింది.

మరుసటి రోజు శనివారం. నేను జమ్మలమడుగులో నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో ఫొటోలు తీస్తున్నాను. మధ్యలో అలవాటుగా బ్లాగు తెరిచి చూస్తే, ఆ ఉదయమే నాలుగు వందల మంది వచ్చిపోయారు. మళ్ళీ చూస్తే నాలుగు వందల అరవై. వ్యాఖ్యలు ముప్పై. ఆరేళ్ళకు లోకం నన్ను గుర్తించిందనుకున్నాను. రాళ్ళపొడి దుమ్ములో నిలబడి ఒక్కదాన్నే నవ్వుతుంటే యూనిట్ యజమాని మంచినీళ్ళు తెప్పించాడు. ఒక పావుగంట పాటు జమ్మలమడుగు మొత్తం మీద నా అంత సంతోషంగా ఉన్న ఆడమనిషి లేదు.

అప్పుడు ఖాదర్ భాయ్ ఫోన్ వచ్చింది.

“అక్కా, యాడుండావు? శెట్టిగారి సైటు ఫోన్లో తెరువు. ఏం మాట్లాడొద్దు, ముందు చూడు.”

చూశాను. ‘మా గురించి’ పేజీలో, శెట్టిగారి నాన్నగారి ఫొటో పక్కన, దిష్టి చీరల కథ మొత్తం ఉంది. నేను టపాను అడుగు దాకా కాపీ చేశాను కాబట్టి బ్లాగు పేరూ, లంకె కూడా కింద పడ్డాయి. జనం ఆ లంకె మీదుగానే నా దగ్గరకు వస్తున్నారు. ఆఫీసులో ఎవరో ఆ బ్లాగు తిరగేసి, ఏ రోజు ఏ ఊళ్ళో తిరిగిందో చూసి, ప్రయాణికురాలు ఎవరో తేల్చేశారు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు నేను ఎలా వచ్చానో గుర్తు లేదు. ఆ బస్సులో మాత్రం ఏమీ రాయలేదు.

ఖాదర్ భాయ్ అప్పటికే ఆ పేజీని మూసేయించాడు. కానీ దాని స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతున్నాయి. ముందు దసరా, ఆ వెనకే పెళ్ళిళ్ళు. మమ్మల్ని ఆటపట్టిస్తున్నాడని జనం శెట్టిగారి మీద అలిగి ఎదుటి అంగడికి పోతే ఆ ఏడాది ఆయన వ్యాపారం ఏమవుతుందో నాకు తెలుసు. ఖాదర్ భాయ్ అరవలేదు, దానికే నాకు భయం వేసింది. సోమవారం ఇద్దరం పోయి క్షమాపణ చెప్పాలన్నాడు. ఆలోపు బ్లాగు మొత్తం తీసేయాలి, లేదా రాజీనామా ఇవ్వాలి. ఆ ఒక్క టపా సరిపోదా అని అడిగితే, మిగతావన్నీ కూడా మన కస్టమర్లే గదక్కా అన్నాడు.

ఆదివారమంతా లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. రెండు వందల పైచిలుకు టపాలు. ముందు అన్నింటినీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. తరువాత తొలగించు అనే మీట మీద వేలు పెట్టి తీశాను, పెట్టి తీశాను. నేను కట్టిన సైట్లు నలభై దాకా ఉంటాయి, వాటిలో ఒక్కటీ నాది కాదు. ఇది నాది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరి మీదో తేలక టిఫిను మానేశాను. సోమవారం దాన్ని తీయకుండానే ఆఫీసుకు పోయి, ముందు శెట్టిగారిని చూసి వచ్చాక తీస్తానని ఖాదర్ భాయ్‌తో చెప్పాను.

అంగట్లో శెట్టిగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నారు. నమస్కారం పెట్టాను. కూర్చోమన్నారు.

“ముప్పై ఏండ్లుగా మా ఇంట్లో ఆడోల్లకు గుడక చెప్పని మాట అమ్మా ఇది,” అన్నారు. “నా అంగడి బోర్డు మీదనే రాసి పెట్టినావే.”

నేను రాసుకుని పోయిన క్షమాపణ మొదలుపెట్టేలోపే వాకిట్లో టెంపో ఆగింది. సింహాద్రిపురం వైపు నుంచి పదమూడు మంది దిగారు. పెళ్ళికొడుక్కి తుమ్మలపల్లె యురేనియం గనిలో ఉద్యోగమట. ముందు నడుస్తున్నది పెళ్ళికూతురి అవ్వ, డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. పరుపు మీద మధ్యలో కూర్చుని, గుమాస్తా చెయ్యి పాత అర వైపు పోతుండగానే ఆపేసింది.

“ఆ ఆరూ పక్కన పెట్టప్పా. ఏడోది తీయి. మా మనవరాలు ఫోన్లో చదివి చెప్పింది, మాకంతా తెలుసు.”

పదమూడు మందీ పకపకా నవ్వారు. శెట్టిగారి ముఖం పాలిపోయింది. ఖాదర్ భాయ్ నా వైపు చూడకుండా ఫ్యాన్ వైపు చూశాడు. గుమాస్తా శెట్టిగారి వైపు ఒకసారి చూసి ఏడోది విప్పాడు. ముహూర్తం చీర అదే అయింది. తొమ్మిదోది తలంబ్రాలకు, పన్నెండోది రిసెప్షన్‌కు. మామూలుగా పొద్దున వచ్చినవాళ్ళు సాయంత్రానికి లేస్తారు. వీళ్ళకు ముప్పావుగంటలో అంతా అయిపోయింది. శెట్టిగారు నా వైపు ఒకసారి, గడియారం వైపు ఒకసారి చూశారు.

అయినా ఎవరూ లేవలేదు. చీరలు కట్ట కట్టినా కదలరు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. పెళ్ళికూతురి మేనత్త అయితే అలిగినట్లే కూర్చుంది. చివరికి అవ్వే నోరు విప్పింది.

“శెట్టీ, ఆ ఆరూ గుడక చూపియ్యప్పా. ఇంత దూరం వచ్చి ఒగటన్నా వద్దనకుండా పోతే, పెళ్ళి బట్టలు తీసినట్లే లేదు.”

గుమాస్తా ఒక్కోటీ విప్పాడు. మొదటిది మేనత్త వద్దంది, అది రంగేనా అని. రెండోది చిన్నాయన వద్దన్నాడు. మూడోదాని అంచును ముగ్గురు కలిసి తిట్టారు. నాలుగు, ఐదు చెప్పనక్కర్లేదు. అందరి ముఖాల్లోకీ కళ వచ్చింది. ఆరోది వంకాయ రంగుది. దాన్ని అవ్వ చేతిలోకి తీసుకుని, కళ్ళ దగ్గర పెట్టుకుని, ఒళ్ళో వేసుకుంది. అది అమ్మేది కాదు రెడ్డెమ్మా, మూడేండ్లుగా విప్పి మడిచి నలిగిపోయినాది అంటూ శెట్టిగారు గల్లాపెట్టె దగ్గర్నుంచి దిగి వచ్చారు.

“మూడేండ్లు అందురూ కాదన్న చీర. దీనికి ఇంగ ఏ దిష్టీ తగల్దు,” అంది ఆమె. “ఇది నాకు.”

శెట్టిగారు నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వితే పొట్టతో పాటు నడుముకు వేలాడే గల్లాపెట్టె తాళాలు కూడా ఊగుతాయని ఆరోజే చూశాను. నాకు నవ్వాగలేదు, ఖాదర్ భాయ్‌కీ ఆగలేదు. క్షమాపణ కాగితం నా సంచిలోనే ఉండిపోయింది.

టెంపో వెళ్ళాక శెట్టిగారు మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. ఆ పేజీ మళ్ళీ తెరవమన్నారు, పండితులకు ఆయనే చెప్పుకుంటారట. అయితే ఒక షరతు పెట్టారు.

“కింద నీ పేరు రాయి తల్లీ. ఎవురో పేరు లేనోల్లు రాస్తే దొంగమాట అనుకుంటారు. ఫలానా ఆమె మా అంగట్లో కూచ్చోని చూసి రాసిందంటే అది మాకు మర్యాద.”

ఆఫీసు మెట్లెక్కుతూ ఖాదర్ భాయ్, కస్టమరే పెట్టమన్నాక నేను తీయమంటే బాగుండదు గానీ పేరు అన్నింటికీ పెట్టక్కా, ఒక్కదానికే కాదు అన్నాడు. ఆ మాట వరం లాగే వినబడింది. మధ్యాహ్నం భోజనం మాని కూర్చుని మొదటి టపా నుంచి పేరు పెట్టడం మొదలుపెట్టాను. మనసు గాల్లో తేలిపోతోంది.

తొంభై టపాలు దాటాక చెయ్యి ఆగింది. అది పులివెందుల బడి హెడ్మాస్టరు గారి నడక గురించి రాసినది. ఇంకొంత దూరం పోయాక ఖాదర్ భాయ్ గురించి రాసినది తగిలింది. రెండూ నవ్వు పుట్టించేవే, రెండింట్లోనూ అబద్ధం లేదు. కానీ ఆ మనుషుల ఎదురుగా కూర్చుని చదివి వినిపించలేను. రెండింటినీ తీసేశాను. మిగతావాటిలో అక్షరం మార్చలేదు.

పదవీ విరమణ దాకా అదే పద్ధతిగా పెట్టుకున్నాను. ఎవరి పని గురించి రాసినా, వాళ్ళకే చదివి వినిపించగలనా అని చూసుకుని ఎక్కించేదాన్ని. ఉద్యోగం పోతుందంటే ఒక్కటీ తీయని నేను, పేరు పెట్టమంటే రెండు తీశాను.