స్ట్రాంగు బీరూ, మా అన్నయ్య ఒట్టూ

మా భీమడోలులో బీరుని మందు కింద ఎవరూ లెక్కెయ్యరు. బ్రాందీ తాగేవాడు తాగుబోతు, బీరు తాగేవాడు ఒంట్లో వేడి చేసి చలవకి తాగుతున్నవాడు. మా అన్నయ్య క్రీస్తుదాసు మూడేళ్ళు ఈ నమ్మకం చాటున బతికాడు. నేనూ నమ్మాను కాబట్టి ఆయన్ని ఒక్కణ్ణే తిట్టడానికి నాకు నోరు రాదు.

అన్నయ్య తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో ధాన్యం తేమ చూస్తాడు. గింజలు మిషన్లో పోసే ముందే ఒకటి పంటితో కొరికి "పద్దెనిమిది" అంటాడు, మిషనూ అదే చూపిస్తుంది. పదిహేడు శాతం దాటితే లోడు వెనక్కే, ఎంత బతిమాలినా వినడు. అంత నిక్కచ్చి మనిషి రోజూ సాయంత్రం రైలు దిగి ఒక క్వార్టరు బ్రాందీ పట్టించేవాడు. మూడేళ్ళ కిందట కామెర్లొచ్చి కళ్ళు పసుపుముద్దలయ్యాయి. మందు మానకపోతే ఎంతోకాలం బతకడని ఏలూరు డాక్టరుగారు తేల్చి చెప్పారు. ఆ ఆదివారం చర్చిలో సంఘమంతా చూస్తుండగా అన్నయ్య లేచి, "ఇక బ్రాందీ ముట్టను" అని ఒట్టేశాడు. వరమ్మ వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బ్రాందీ అన్నాడే గాని బీరు అనలేదని మాకెవరికీ తట్టలేదు.

నెల తిరక్కుండా బీరు మొదలైంది. ముందు లైటు బీరు తెచ్చుకుని, మజ్జిగతేటలా ఉందని ముఖం చిట్లించాడు. మా అబ్బాయి హెన్రీ హైదరాబాదు నుంచి గోధుమ బీరు తెస్తే, "ఇది పులిసిన తరవాణిరా, మీ అమ్మమ్మకి పోయాల్సింది" అన్నాడు. చివరికి స్ట్రాంగు దగ్గర స్థిరపడ్డాడు. రోజుకి రెండు సీసాలు. బళ్ళో ఆరు పీరియడ్లు లెక్కలు చెప్పి కాళ్ళీడ్చుకుంటూ వచ్చిన వదిన, వాటిని ఫ్రిజ్‌లోంచి తీసి, పల్లీలు వేయించి ఇచ్చేది.

ఆర్నెల్లకోసారి ఏలూరు వెళ్ళేవాళ్ళం. "మందు మానేశారా?" అని డాక్టరుగారు అడిగితే అన్నయ్య వదిన వైపు చూసేవాడు. "మానేశారండీ" అనేది వదిన, మనసులో ఏ కల్మషమూ లేకుండా. రక్తపరీక్ష మాత్రం ప్రతిసారీ ఇంకాస్త చెడ్డగా వచ్చేది. డాక్టరుగారు అర్థం కాక మాత్రలు మార్చేవారు.

మొన్న జూలైలో ఏడో తరగతికి శాతాలు చెప్పొచ్చిన రోజు, ఖాళీ సీసా పారేయబోతూ వదిన దానిమీద చీటీ చదివింది. సీసా పట్టుకుని పక్కనే ఉన్న మా ఇంటికొచ్చి, కరెంటు బిల్లు వెనక లెక్క కట్టింది. ఆరువందల యాభై మిల్లీలీటర్లలో ఎనిమిది శాతం ఆల్కహాలు, అంటే యాభై రెండు. రెండు సీసాలకి నూటనాలుగు. నూట ఎనభై మిల్లీలీటర్ల పాత క్వార్టరుకి, దాదాపు నలభై మూడు శాతం లెక్కన, డెబ్బై ఏడే.

"రూబీ, అప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ తాగుతున్నారు. నా చేత్తోనే ఇస్తున్నాను," అంది. ఇద్దరం వాళ్ళింటికెళ్ళాం.

"ఏవండీ, దీనిమీద ఎనిమిది శాతమని ఉంది. మీరెప్పుడైనా చూశారా?"

అన్నయ్య తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. "మొదటి రోజే చూశాను వరం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "రైతు ధాన్యంలో అర శాతం వదలవు, నీ సీసా దగ్గరికొచ్చేసరికి ఎనిమిది శాతం వదిలేశావా?" అని అరిచాను. వదిన అరవలేదు. "నాకిక ఓపిక లేదు రూబీ," అని లోపలికెళ్ళి పడుకుంది. మర్నాటి నుంచి సీసాలు ఫ్రిజ్‌లో ఆయనే పెట్టుకున్నాడు, ఆయనే తీసుకున్నాడు.

ఆగస్టులో ముగ్గురం మళ్ళీ ఏలూరు వెళ్ళాం. డాక్టరుగారు ఎప్పటి ప్రశ్నే అడిగారు. అన్నయ్య ఎప్పట్లాగే వదిన వైపు చూశాడు.

"ఆయన్నే అడగండి," అంది వదిన. "నేను అలిసిపోయానండీ."

నేను చెప్పేద్దామని నోరు తెరిచి, ఆపుకున్నాను.

"మానలేదండీ," అన్నాడు అన్నయ్య చివరికి. "రోజూ రెండు స్ట్రాంగు బీర్లు. అదీ మందేనని ఈవిడకి మొన్నటిదాకా తెలీదండీ, నాకు మొదటి రోజే తెలుసు."

డాక్టరుగారు పాత కాగితాలన్నీ ఒక్కొక్కటీ తిరగేశారు. "ఈ ముక్క మొదటేడాదే చెప్పుంటే," అని మధ్యలో ఆగిపోయారు.

"మానేశారని చెప్పింది నేనేనండీ," అంది వదిన.