గాజు మీద బొట్టు

మొన్న ఆదివారం మా చిన్నాన్న మనవరాలు క్లాంగ్‌లో మా ఇంటికి వచ్చి, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోను నా ముక్కు కిందికి తోసింది. పిల్ల యూనివర్సిటీ షూటింగ్ జట్టులో చేరింది. తను వాడే రైఫిల్‌కి కొత్త స్కోపు, అదే గురి చూసే దుర్భిణి, బిగిస్తారట, అందులో గురిగీతలు ఎలాంటివి కావాలో తననే ఎంచుకోమన్నారట. ఫోనులో వరసగా గుండ్రటి బొమ్మలు. ఒకదాంట్లో వెంట్రుకంత సన్నగా ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. ఇంకోదాంట్లో గీతలు అంచుల దగ్గర లావుగా మొదలై మధ్యకొచ్చేసరికి సన్నబడ్డాయి. మరోదాంట్లో గీతల పొడుగునా చుక్కలు, ఎవరో ముగ్గు మొదలుపెట్టి మధ్యలో లేచిపోయినట్టు. "ఏది బాగుందత్తా, చెప్పు లా!" అంది, ఇక్కడి మలాయివాళ్ళ మాటతీరులో. చీరల అంచులైతే ఎంచగలను గానీ ఇవి నాకేం తెలుసే అని నసుగుతూనే, లేచి బీరువా మీది బిస్కెట్ల డబ్బా దించాను. అందులో వాళ్ళ తాత స్కోపు ఉంది. పిల్ల దాన్ని కిటికీ వైపు పట్టి తిప్పి తిప్పి చూసి, "ఏటిది, గాజు అంచున ఎర్రగా ఉంది?" అని అడిగింది.

చెప్పక తప్పలేదు. అప్పట్లో చిన్నాన్న బంటింగ్ దగ్గర ఆయిల్‌పామ్ ఎస్టేటులో పనిచేసేవాడు. అడవిపందులు వచ్చి లేత మొక్కల మొదళ్ళు తవ్వి తినేవి. వాటిని కొట్టడానికి ఎస్టేటువాళ్ళ రైఫిల్ ఒకటుండేది, లైసెన్సు మాత్రం ఈయన పేరున. వారమంతా పందులు, ఆదివారం క్లబ్బులో కాగితం మీద వలయాలు. శనివారం మాత్రం తుపాకీ ముట్టేవాడు కాదు, అది పెరుమాళ్ళ రోజు. ఆ సంగతి పందులకీ తెలుసనీ, అందుకే శనివారాలు పిల్లాపాపలతో విందుకొస్తాయనీ మా పిన్ని ఎగతాళి చేసేది. ఆవిడ నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. మా అమ్మ పోయాక నాకు పుట్టిల్లంటే ఆ ఇల్లే.

స్కోపు కొనాలని చిన్నాన్నకి బుద్ధి పుట్టినప్పుడు నేను క్లాంగ్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాని. ఇంగ్లీషు కేటలాగు చదివి చెప్పడానికని నన్ను ఇపో పట్టణం దాకా బస్సులో లాక్కెళ్ళాడు. దుకాణం తౌకే, అంటే యజమాని, ముసలి చీనాయన. మూడు రకాలు బల్ల మీద పెట్టి మలాయి భాషలో ఓపిగ్గా చెప్పాడు. వెలుతురు తగ్గే వేళ పందిని కొట్టాలంటే లావు గీతలే కనబడతాయి, సన్నవి చీకట్లో కలిసిపోతాయి. సన్నగీతలు కాగితానికి, గురిని కప్పెయ్యవు కాబట్టి. రెండూ కావాలంటే అంచున లావు, మధ్యన సన్నం ఉన్నది తీసుకో. అంత బాగా చెప్పాక ఇంకెవరైనా మూడోదే తీసుకుందురు. మా చిన్నాన్న సన్నగీతల దానికి కన్ను ఆనించాడు, ఇక తియ్యలేదు. "అదేటి గీతలే, కరెంటు స్తంభాల్లాగున్నాయి! ఇది సూడు, ఎంత సోకుగా ఉందో," అన్నాడు నాతో. ఆదివారం కాగితం మీద ఒక్కసారైనా సరిగ్గా నడిమి చుక్కలో కొట్టాలని ఆయన కోరిక. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. తౌకే నా వైపు జాలిగా చూసి కట్టి ఇచ్చేశాడు.

ఆ ఏడే ఆయుధపూజ వచ్చింది. పిన్ని కుట్టుమిషనుకి, మోటారుసైకిలుకి, కత్తులకి, చివరికి ప్రెషర్ కుక్కరుకి కూడా గంధం, కుంకుమ పెట్టి తుపాకీ దగ్గరకొచ్చింది. ఇనుముకి పెట్టి ఊరుకోవచ్చు కదా, స్కోపు ముందు గాజు గుండ్రంగా నుదురులా కనబడిందట, దాని నడిమిన నిండుగా బొట్టు పెట్టేసింది. చిన్నాన్న వచ్చి చూసి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "గాజు మీద ఎవులైనా బొట్టెడతారే!" "కన్నుకి దిష్టి తగలదేటి మరి?" అని పిన్ని. ఆయన పంచె కొంగుతో తుడిచి, ఎండలో పెట్టి చూసి, పోయిందిలే అనుకున్నాడు. పలచటి పొర పోలేదు.

మర్నాడు సాయంత్రం చినుకుల్లో తోటకి వెళ్ళినవాడు వట్టిచేతులతో వచ్చాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. వారం తిరక్కుండా రైఫిల్ ఎస్టేటుకి అప్పగించేసి, స్కోపు మాత్రం ఊడదీసుకున్నాడు. ఆ తర్వాత క్లబ్బు తుపాకీకి దాన్ని బిగించి కాగితాలు కొట్టడమే. మేమంతా ముసలితనం అనుకున్నాం. వింతల్లా ఏమిటంటే, మరుసటి ఏడు ఆయుధపూజకి తనే స్కోపు పట్టుకొచ్చి పిన్ని ముందు పెట్టాడు. "గాజు మీదే ఎట్టు," అన్నాడు. "పోయినేడు తిట్టినారు కదేటి!" అని ఆవిడ మూతి తిప్పుకుంటూనే పెట్టింది. అలా ఏటేటా. పూజ తర్వాత రెండు ఆదివారాలు ఆయన గురి ఎప్పుడూ దారుణంగా ఉండేది.

ఆయన కంట్లో శుక్లాలు వచ్చి నేను క్లాంగ్ ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజున, బల్ల మీద పక్కన కూర్చుని నాకు చెప్పాడు. వట్టిచేతులతో వచ్చిన ఆ సాయంత్రం కాలవ గట్టున నల్లగా ఏదో వంగి కదిలిందట. పందే అనుకుని స్కోపులోంచి చూశాడు. గాజంతా బొట్టు మసక, దానికితోడు చీకట్లో కలిసిపోయే ఆ సన్నగీతలు. ఎంత వెతికినా గీత దొరకలేదు. పిన్నినీ ఆ బొట్టునీ తిట్టుకుంటూ తుపాకీ దించాడు. అప్పుడా నల్లటిది నిటారుగా లేచి, "ఇంటికి రావేటయ్యా, కూడు సల్లారిపోతంది!" అని కేకేసింది. పిన్ని! తోటవైపు రావద్దన్నా వినక, చినుకులని ఈయన పాత నల్ల రెయిన్‌కోటు తొడుక్కుని, కూరకి పాకు అనే ఫెర్ను చిగుళ్ళు కోసుకుంటోంది. "గీత కనబడుంటే కొట్టేసేవోణ్ణే అమ్మా," అన్నాడు చిన్నాన్న. "ఏటో తెలీకుండానే గురెట్టినాను. దానికి సెప్పకు." నాకు ఏడుపు ఆగలేదు. నర్సు వచ్చి, కంటి మందు ఆయనకి బదులు నాకు వేసేసిందేమోనని కంగారుపడింది. పిన్నికి మేం ఎప్పుడూ చెప్పలేదు.

పిల్ల ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది. దాని తల్లి ఫ్యాక్టరీ షిఫ్టుల్లో ఉంటే దాన్ని పెంచిందీ, దానికి ఈ నాలుగు తెలుగు ముక్కలు నేర్పిందీ పిన్నే. "నాకు సన్నగీతలే చాలత్తా, కాగితాలే కదా కొట్టేది," అంది చివరికి. స్కోపుని డబ్బాలో పెడుతూ గాజు అంచున ఆ ఎరుపు తగలకుండా వేలు పక్కకి జరిపింది.

తుపాకీ పేలడానికి రెప్పపాటు చాలంటారు. మా చిన్నాన్న పేల్చని ఆ రెప్పపాటు మాత్రం, పిన్ని పోయేదాకా, ఇరవై రెండేళ్ళు సాగింది. ఈ పిల్లకి రోజూ రెండు జడలు వేసింది.