చివరి గీత మీద స్వీడన్ పాట

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఏదైనా పాట నచ్చిందంటే దాన్ని నలుగురి చెవిలో వేసేదాకా అన్నం సహించేది కాదు. ఎదుటివాడు తనంతట తాను వింటే సరే, లేకపోతే వెంటపడి, టీ ఇప్పించి మరీ వినిపించేవాణ్ణి. డెబ్బైల్లో మాట ఇది. పాట వినాలంటే రేడియోవాళ్లు దయ తలచాలి, లేదా వీధిలో ఎవరింట్లోనో పెళ్లి కావాలి. అలాంటి కాలంలో, భవానీపురంలో పుట్టి ఉయ్యూరుకు మించి దూరం వెళ్లని నేను, స్వీడన్ సంగీతానికి కృష్ణా జిల్లా మొత్తం మీద ఏకైక ఏజెంటునయ్యాను. (నన్నెవరూ నియమించలేదు. ఆ ముక్క ముందే ఒప్పుకుంటున్నాను.)

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఉయ్యూరు వైపు ఒక పంచదార ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టుగా చేరాను. ఉద్యోగం టెంపరరీ. చెరకు ఆడినన్నాళ్లూ ఉంచుకుని, సీజను అయ్యాక పర్మనెంటు చేయాలో ఇంటికి పంపాలో మేనేజరు గారు తేలుస్తారు. నాకు ముందు ఇద్దరు ఇంటికి వెళ్లారని హెడ్ క్లర్కు మొదటి రోజే చల్లగా చెప్పాడు. మేనేజరు గారికి కోపం ఎక్కువ, మాట తక్కువ. తప్పు కొట్టిన కాగితాన్ని తిట్టకుండా, మడిచి మన జేబులో పెట్టి పంపేవారు. నా జేబులో అప్పుడప్పుడు ఐదారు కాగితాలుండేవి. మా ఇంట్లో నాన్న పోయిన తర్వాత నెల జీతం అన్నది వచ్చింది నాతోనే. అందుకని ఆ ఉద్యోగం నిలవాలని అమ్మమ్మ ప్రతి ఆదివారం చర్చిలో నా పేరు పెట్టి ప్రార్థన చేయించేది. పాస్టరు గారు నా పేరుతోపాటు ఫ్యాక్టరీ పేరు, మేనేజరు గారి హోదా కూడా చదివేవారు. దేవుడు అడ్రసు తప్పకుండా ఉండాలని అమ్మమ్మ ఏర్పాటు.

ఆ సీజనులోనే రసం శుభ్రం చేసే కొత్త యంత్రం బిగించడానికి స్వీడన్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఆరడుగుల పైమాటే. గెస్టుహవుసు గుమ్మం రోజుకు రెండుసార్లు ఆయన నుదుటికి తగిలేది. అందరం ‘పొడుగు దొర’ అనేవాళ్లం. ఆయన రిపోర్టులు టైపు చేసే పని నాకు పడింది. నా పాటల పిచ్చి కనిపెట్టి ఒకరోజు పెట్టెలోంచి ఒక పెద్ద రికార్డు తీసి ఇచ్చాడు. అది ఏ కంపెనీదీ కాదట. వాళ్ల ఊరి స్నేహితులు నలుగురు పశువులపాకలో కూర్చుని పాడుకుని, వాళ్లే రికార్డు చేయించుకుని, అట్టలు కూడా చేత్తో అచ్చువేసి, తెలిసినవాళ్లకు పంచుతారట. “కంపెనీ లేకుండా పాటలా?” అని నేను నోరు తెరిచాను. అట్ట మీద ముగ్గురు అమ్మాయిలు, ఒక గడ్డం అబ్బాయి, వెనక ఒక ఆవు.

శనివారం బస్సెక్కి ఆ రికార్డుతో తిన్నగా భవానీపురం పక్కనే వన్ టౌన్‌లో ఉన్న మా మావయ్య దగ్గరికి పోయాను. ఆయన పెళ్లిళ్లకు, మీటింగులకు మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు. రికార్డు తిప్పే మెషీను పక్కన వేగం మార్చే మర ఒకటి, దానికి నాలుగు గీతలు ఉండేవి. గీతల పక్కన అంకెలు మావయ్య బొటనవేలి కింద ఏనాడో అరిగిపోయాయి. పాతకాలపు బరువు రికార్డులకు మొదటి గీత, సినిమా పాటల చిన్న రికార్డులకు రెండో గీత. మిగిలిన రెంటితో ఆయనకెప్పుడూ పని పడలేదు. ఇంత పెద్ద రికార్డు ఆయన షాపులోకి రావడం అదే మొదలు.

“దీన్ని ఏ గీత మీద పెడతావు మావయ్యా?”

“చిన్నదానికి రెండోది పెట్టావనుకో. ఇది పెద్దది కదరా, బరువు మోస్తా తిరగాలి. చివరికంటా తిప్పేయ్” అన్నాడు ముప్పై ఏళ్ల అనుభవంతో.

చివరికంటా తిప్పాను. ముల్లు ఆనించగానే షాపులో ఒక లోతైన మూలుగు లేచింది. చాలా పెద్దది ఏదో నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టుంది. దాని మీద ముసలివాళ్లు ముగ్గురు ఒక్కో అక్షరాన్నీ అరనిమిషం సాగదీసి పాడుతున్నారు. అవతల హోల్‌సేల్ కొట్ల ముందు తోపుడుబళ్ల వాళ్ల అరుపులు, ఇవతల ఈ పాట. నాకు ఒళ్లు జల్లుమంది. అలాంటిది ఒకటి లోకంలో ఉందని కూడా నాకప్పటిదాకా తెలియదు.

“అట్ట మీద ఆడపిల్లలున్నారు కదరా, ఈ గొంతులేవిటి?” అన్నాడు మావయ్య.

“చలిదేశం కదా మావయ్యా.”

“అంతేలే. పాపం, గొంతులు పూడిపోయుంటయ్యి” అని జాలిపడ్డాడు. అక్కడితో పరిశోధన ముగిసింది.

ఇక నా జబ్బు ముదిరింది. మావయ్య పాత మెషీను ఒకటి ఇంటికి తెచ్చి అమ్మమ్మకు వినిపించాను. ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. అయ్యాక “స్తోత్రం” అంది. “ఏ భాషైతేనేంరా, ప్రార్థన తెలవటల్లా?” అని, ఆ రోజు నుంచి మధ్యాహ్నం కునుకుకు ముందు అది పెట్టందే ఊరుకునేది కాదు. ఆఫీసులో తలనొప్పివాళ్లకు, రక్తపోటువాళ్లకు, పెళ్లాంతో గొడవపడ్డవాళ్లకు కూడా అదే సిఫారసు చేశాను. ఆదివారాలు భవానీపురంలో మా వసారా నిండేది. ఊరికే వినిపిస్తే చాలదని వ్యాఖ్యానం కూడా మొదలుపెట్టాను. “ఇది మంచు పాటండీ. వాళ్ల దేశంలో చలికాలమంతా చెరువులు గడ్డకట్టుకుని ఉంటాయి. ఎండాకాలం మొదట్లో ఆ గడ్డ పగులుతుంది, అదే ఈ మూలుగు” అని. ఇది నాకెవరు చెప్పారంటారా? ఎవరూ చెప్పలేదు. వినగా వినగా నాకే తోచింది. ఒకసారి చెప్పాను, రెండోసారి ‘దొరగారు చెప్పారు’ అని కలిపాను, మూడోసారికి నేనే నమ్మేశాను. ఆఫీసులో నాకు ‘స్వీడన్ పంతులు’ అని పేరు స్థిరపడింది. దొర ఒకసారి “రికార్డు ఎలా ఉంది?” అని అడిగితే “మహా ప్రశాంతంగా ఉందండీ” అన్నాను. “ప్రశాంతంగానా?” అని ఆయన నావంక అదోలా చూశాడు. నా ఇంగ్లీషు అర్థం కాలేదేమో అనుకున్నాను.

సీజను చివర దొర ప్రయాణం ఖాయమైంది. శనివారం సాయంత్రం క్లబ్బు ఆవరణలో వీడ్కోలు సభ. ముందురోజు మేనేజరు గారు పిలిపించారు. “ఏవయ్యా, నువ్వేదో స్వీడన్ పాటలు పంచిపెడుతున్నావటగా. రేపు సభలో అది వేయించు. దాని సంగతేవిటో నాలుగు ముక్కలు నువ్వే చెప్పు. సోమవారం నీ కాగితం కూడా చూద్దాం” అన్నారు. ఆ కాగితం ఏమిటో నాకు తెలుసు. నాకు ముందున్న ఇద్దరి కాగితాలూ ఆయన ఒక సోమవారమే చూశారట.

మావయ్య సెట్టు తెచ్చి, వేపచెట్టుకు బాకాలు కట్టి, మర చివరి గీత మీదికి తిప్పాడు. కార్మికులు, ఆఫీసువాళ్లు, చుట్టుపక్కల రైతులు, అందరి ఇళ్లలోవాళ్లు వచ్చారు. నేను మైకు ముందు నిలబడి తెలుగులో పావుగంట చెప్పాను. మంచు, చెరువు, పగులు, దొరగారి తాతముత్తాతల దుఃఖం అన్నీ వచ్చాయి. (దుఃఖం ఆ క్షణంలో కలిపిందే.) ఒక్క ముక్క అర్థంకాని దొర మర్యాదగా తలూపుతూ చప్పట్లు కొట్టాడు. “కళ్లు మూసుకుని వినండి” అని ముల్లు పెట్టించాను. సభ మొత్తం కళ్లు మూసింది.

దొర మాత్రం మూయలేదు. ముందు మెడ ఒక పక్కకు వంచాడు, యంత్రంలో బేరింగు తేడా చేసినప్పుడు వంచినట్టే. తర్వాత కనుబొమలు ముడిచాడు. మేనేజరు గారు ఆయన చెవి దగ్గరికి వంగి, నా వ్యాఖ్యానమంతా ఇంగ్లీషులో చెప్పి, “మీరే చెప్పారటగా” అన్నారు. దొర నావైపు చూశాడు. ఆయన లేచి, మెషీను దగ్గరికి నడిచి, మరను ఒక్క గీత వెనక్కి తిప్పాడు.

బాకాల్లోంచి ముగ్గురు ఆడపిల్లలు కిలకిలా నవ్వుతూ దూకారు. వెనక ఫిడేలు పరుగు, ఎవరో కాలితో తాళం. కళ్లు మూసుకున్న సభ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. చిన్నపిల్లలు లేచి గంతులు మొదలుపెట్టారు. మావయ్య మాత్రం “గొంతులు బాగయిపొయ్యాయిరోయ్!” అన్నాడు నాకు వినబడేలా.

దొర కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి అసలు సంగతి చెప్పాడు. ఆవు ఒకటి పక్కింటివాళ్ల వంటింట్లో దూరి జున్ను తినేసిన పాటట అది. పల్లెలో పెళ్లిళ్లప్పుడు ఆడతారట.

మేనేజరు గారు నవ్వలేదు. “అంటే, ఆవు జున్ను తిన్న పాటకి ఇంతమంది చేత కళ్లు మూయించావన్నమాట” అన్నారు నెమ్మదిగా. నేను జేబు తడుముకున్నాను, ఈసారి అందులో మడిచి పెట్టబోయేది నన్నేనని తెలుసు. అమ్మమ్మ ముఖం గుర్తొచ్చింది.

అప్పుడు దొర మరను మళ్లీ చివరి గీతకు తిప్పాడు. ముల్లు మొదటికి పెట్టి, వెళ్లి క్లబ్బు మెట్టు మీద కూర్చున్నాడు. ఆ మూలుగు మళ్లీ లేచింది. పాట అయిందాకా ఆయన కదల్లేదు. అయ్యాక మేనేజరు గారితో అన్నాడు: “ఈ పాట వందసార్లు విన్నాను. ఇల్లు గుర్తొచ్చింది ఇవాళే. మా ఊరి చెరువు మీద గడ్డ పగిలేటప్పుడు అచ్చం ఇలాగే మూలుగుతుంది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఈ అబ్బాయికి ఎవరు చెప్పారు?”

మేనేజరు గారు నావైపు తిరిగారు. “ఎవరు చెప్పారయ్యా?”

“ఎవరూ చెప్పలేదండీ. విన్నాక నాకే అనిపించిందండీ. దొరగారు చెప్పారని అబద్ధం ఆడానండీ.”

మేనేజరు గారు “సోమవారం పొద్దున్నే వచ్చి నీ పర్మనెంటు ఆర్డరు నువ్వే టైపు చేసుకో. తప్పుల్లేకుండా” అన్నారు. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. (సోమవారం ఆర్డరులో నా పేరే తప్పు కొట్టాను. ఆయన దాన్ని మడిచి నా జేబులో పెట్టి, ఇంకోటి కొట్టమన్నారు.)

అమ్మమ్మకు నిజం చెప్పడానికి వారం పట్టింది. ఇన్నాళ్లు కొంగు కప్పుకుని విన్నది ఆవు పాటని తెలిస్తే ఏమంటుందోనని బిక్కచచ్చి చెప్పాను. ఆవిడ ఆలోచించి, “ఆ ఆవుని కొట్టారంట్రా?” అంది. కొట్టలేదన్నాను. “అయితే ఇంకేం” అంది.

ఇంత జరిగినా, ఉద్యోగం నిలిచిన సంతోషం కంటే, నేను విన్నది తప్పు కాదని ఆ పొడుగు మనిషి ఒక్క మాట అన్నందుకు నాకు ఎక్కువ ఊరట కలిగింది. అది ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఇప్పుడు నాకు అన్ని గీతలూ తెలుసు. ఏ రికార్డు ఎంత వేగంతో తిరగాలో, ఏ పాటకు ఏం అర్థమో, ఎవరినైనా అడిగి తెలుసుకోగలను. అయినా మనవలు “మంచి పాట ఏదైనా చెప్పు తాతయ్యా” అంటే తప్పు చెబుతానేమోనని తడబడి, “మీ ఇష్టంరా” అనేస్తాను. తెలియని దేశం గురించి మైకు ముందు పావుగంట ధైర్యంగా మాట్లాడిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడు ఇప్పుడు కనిపిస్తే కూర్చోబెట్టి, టీ ఇప్పించి, వాడు చెప్పే పాట ఏదైనా సరే వింటాను.