గుండు ముందా, కొలత ముందా

సత్యవేడు నుంచి తిరుపతికి మొదటి బస్సు తెల్లవారుజామునే ఉంది. నేను అందులో ఎక్కడానికి కారణం భక్తి కాదు, మా చిన్నమ్మ. ఆమె కొడుకు మునిరత్నానికి మరునాడు చిత్తూరులో పోలీసు కానిస్టేబుళ్ల ఎంపిక. వయసు దాటిపోతోంది కనుక వాడికిదే ఆఖరి అవకాశం. ముందు కొండమీద తలనీలాలిచ్చి, ఆ తర్వాతే చిత్తూరు పోవాలని ఆమె మొక్కుకుంది. వాడికి తోడు నేను.

మునిరత్నం దేవుడిమీదే భారం వేసి కూర్చున్న మనిషి కాదు. వేసవంతా కోడి కూయకముందే లేచి నాగలాపురం రోడ్డుమీద పరుగెత్తాడు. కుక్కలు తరిమితే ఇంకా మంచిదనేవాడు. చివరికి కుక్కలే విసిగి మానుకున్నాయి.

"ఉద్యోగం వచ్చినాక ఇయ్యొచ్చు గదరా జుట్టు," అన్నాను బస్సులో.

"ముందే ఇస్తానని అమ్మ మొక్కిందన్నా."

పుత్తూరులో ఎక్కిన ఒక పెద్దాయన ఒళ్లోని టెంకాయల సంచి సర్దుకుంటూ, "ముందే ఇయ్యడం మంచిదబ్బా. తీసుకున్నాక ఆయనకూ మొగమాటముంటాది," అన్నాడు. దేవుణ్ణి ఇంత దగ్గరగా ఎరిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

తిరుపతిలో ఇడ్లీ తిని కొండ బస్సెక్కాం. మెట్లదారిన పోదామని వాడన్నాడు గానీ, రేపటి పరుగుకు కాళ్లు దాచుకోమని నేనే ఆపాను. కల్యాణకట్టలో వాడి ఒత్తు జుట్టు నేలమీద పడ్డాక మనిషి సగమైనట్టు కనిపించాడు. మధ్యాహ్నమంతా క్యూలో నిలబడితే దొరికింది రెప్పపాటు దర్శనం. ఆ రెప్పపాటులో నేను స్వామికన్నా నన్ను నెట్టిన చేతినే బాగా చూశాను. రాత్రికి దిగి వచ్చి సత్రంలో చాప పరుచుకున్నాం.

మరునాడు చీకటి విడవకముందే పాకాల మీదుగా చిత్తూరు పోయే రైలెక్కాం. మైదానానికి చేరేసరికి జనం నిండిపోయి ఉన్నారు. మొదట ఎత్తు కొలుస్తున్నారు. నేను హద్దుకు కట్టిన తాడు అవతల నిలబడ్డాను. కొలిచే కానిస్టేబులు కొయ్య పలకను మునిరత్నం గుండుమీదికి దించి, వంగి చూసి, పెదవి విరిచాడు.

"గోరంత తక్కువుండాదప్పా. జుట్టుండింటే సరిపోయేది. ఎప్పుడు చేయించుకున్నావు?"

"నిన్న సార్."

"ఒక్క దినం ఆగలేకపోయినావా?"

వరసలో నవ్వులు లేచాయి. కొండమీదున్నాయనతో నాలుగు మాటలు గట్టిగా మాట్లాడాలనిపించింది నాకు. మునిరత్నం ముఖం చూశాక ఆ కోపం కూడా నిలవలేదు. కానీ వాడు బయటికి రాలేదు. నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఆఫీసరు దగ్గరికి నడిచి, నిటారుగా నిలబడ్డాడు.

"నా పరుగు సూడండి సార్. బాగలేకుంటే నేనే ఎళ్లిపోతాను."

ఆఫీసరు వాడి గుండునూ కాళ్లనూ మార్చి మార్చి చూశాడు. "సరే, పరిగెత్తు. మొదట వస్తే మళ్లీ కొలుద్దాం."

మొదటి చుట్టులో వాడు గుంపులో ఎక్కడున్నాడో కనబడలేదు. ఆఖరి చుట్టులో దుమ్ములోంచి ఒక గుండు బయటపడి, అందరికన్నా ముందు మెరుస్తూ వచ్చింది. నేను తాడు పట్టుకుని అరిచానట. ఏమని అరిచానో పక్కనున్న మనిషి చెప్పాడు: "గోవిందా అన్నావప్పా." నాకైతే జ్ఞాపకం లేదు.

పలక మళ్లీ దిగింది. "సరిగ్గా చూడు," అన్నాడు ఆఫీసరు కుర్చీలోంచే. కానిస్టేబులు చూశాడు. "సరిపోయింది సార్."

పరుగెత్తితే మనిషి పొడుగవుతాడో, చూసేవాడి చూపు మారుతుందో నాకు తెలియదు. మిగిలిన పరీక్షలు కూడా ముగిశాక, సాయంత్రం పిలిచిన పేర్లలో మునిరత్నం పేరుంది. వాడు విని, గుండుమీది దుమ్ము దులుపుకున్నాడు. ఇద్దరం టీ తాగి తిరుగు రైలెక్కాం.

చంద్రగిరి దాటాక చీకట్లో కిటికీలోంచి కొండమీది దీపాలు కనిపించాయి. మునిరత్నం చేతులు జోడించాడు.

"ఇంకేం అడగతాండావురా?"

"ఏం అడగలేదన్నా. ట్రైనింగుకు పిలిచేదాకా వారం వారం వచ్చి మెట్లెక్కి దిగతా. దండం పెట్టుకున్నట్టూ ఉంటాది, కాళ్లకు పనీ ఉంటాది."

"స్వామే ఎక్కిస్తాడులే," అన్నాను ఎగతాళిగా.

వాడు నవ్వలేదు. "ఎక్కేది నేనే గదన్నా. ఆయన పైనుంటే సాలు."