సెల్వి చేత నేను పెట్టించిన అర్జీ

2022 వేసవి. పౌరసత్వ చట్టం మీద నా పరిశోధన నాలుగో ఏట పడింది. గల్ఫ్‌లో పనిచేస్తూ పరాయి దేశపు ఆడవాళ్లను ఇష్టపడి పెళ్లి చేసుకున్నవాళ్లు మన జిల్లాల్లో అక్కడక్కడా ఉన్నారు. ఇక్కడికొచ్చిన ఆ భార్యలు చట్టం దృష్టిలో ఏమవుతారన్నది నా ప్రశ్న. హైదరాబాదు లా కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. సెలవుల్లో సూర్యాపేటలోని మా ఇంటికి వచ్చి, అక్కడి నుంచి బస్సుల్లో తిరుగుతూ ఇంటర్వ్యూలు చేసుకునేదాన్ని. అట్లాగే కోదాడలో సెల్వి ఇంటికి వెళ్లాను.

సెల్వి శ్రీలంక తమిళురాలు. కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుండగా, అక్కడే డ్రైవరుగా ఉన్న ఏసోబుతో పరిచయమైంది. ఇద్దరూ కోదాడ వచ్చి చర్చిలో పెళ్లి చేసుకున్నారు. ఆమె వచ్చింది టూరిస్టు వీసా మీద. అది కొన్ని నెలలకే అయిపోయింది. వీసా గడువు దాటి ఉండిపోవడాన్ని ఓవర్‌స్టే అంటాం. అట్లా ఉన్నవాళ్లకు చట్టం పెట్టిన పేరు ఇల్లీగల్ మైగ్రెంట్, అంటే అక్రమ వలసదారు. ఆ మాట వాళ్లిద్దరూ ఎన్నడూ వినలేదు. ఏసోబు మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లారీ తోలుతాడు. సెల్వి ఇంట్లో జాకెట్లు కుడుతుంది. వీధిలో అందరూ ఆమెది మద్రాసు అనుకునేవారు.

నేను వెళ్లిన రోజు ఆమె మిషను ఆపి, పదిహేడేళ్ల కూతురు స్టెల్లాను చూపించింది.

"ఇంటర్ అయిపోయింది మేడమ్. నర్సింగ్ చదువుతదంట. పాస్‌పోర్టు గూడ తీసుకుంటదంట. అందుల నా పేరు రాస్తే ఏమన్నా అయితదా?"

అబద్ధం చెప్పలేకపోయాను. 2004 డిసెంబరు తర్వాత ఇక్కడ పుట్టిన బిడ్డకు, తండ్రి భారతీయుడే అయినా, తల్లి అక్రమ వలసదారు అయితే పుట్టుకతో పౌరసత్వం రాదు. స్టెల్లా పుట్టింది 2005లో, సెల్వి వీసా అయిపోయాక.

"గీడ దవాఖానలనే పుట్టింది గదా మేడమ్?"

"ఇక్కడ పుట్టినంత మాత్రాన సరిపోదు సెల్వీ."

ఆమె చేతిలోని బట్టను మడతపెట్టింది. "అయితే నా వల్లనే పిల్లకు లేకుండ పోయిందా?" అంది.

దారి ఉందని చెప్పాను. ప్రత్యేక పరిస్థితులుంటే, పద్దెనిమిది నిండని పిల్లలను కేంద్ర ప్రభుత్వం పౌరులుగా నమోదు చేయవచ్చు. దాన్ని మైనర్ రిజిస్ట్రేషన్ అంటారు. స్టెల్లాకు ఇంకా పది నెలల గడువుంది. కానీ అర్జీలో తల్లి సంగతి దాచడానికి వీల్లేదు.

ఏసోబు వద్దన్నాడు. "ఇన్నేండ్లు ఎవరూ అడగలే. మనమే పోయి చెప్పుకునుడేంది మేడమ్? రేపు దీన్ని పొమ్మంటే?"

అట్లా జరగదన్నాను. భారతీయుడి భార్యగా ఆమె వీసాను కూడా క్రమబద్ధం చేయమని అడుగుదామన్నాను. కోర్టులు ఒప్పుకున్న కేసులు నా ఫైల్లో ఉన్నాయి. వాటిని చూసే అంత ధీమాగా మాట్లాడాను.

"పిల్ల కోసమే గదా. రాయండి మేడమ్" అంది సెల్వి. అర్జీ నేనే రాశాను. ఆమె తమిళంలో సంతకం పెట్టింది.

నాలుగు నెలలకు, విదేశీయుల నమోదు చూసే సూర్యాపేట ఎస్పీ ఆఫీసు నుంచి సెల్వికి పిలుపు వచ్చింది. అధికారి ఆమెను కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు. ఎగ్జిట్ పర్మిట్ తీసుకుని దేశం విడిచి వెళ్లాలని, సరైన వీసా మీద తిరిగి రావాలని చెప్పాడు. నేను తీర్పుల కాపీలు ముందు పెట్టాను. ఓపికగా తిరగేశాడు.

"కోర్టుకు పోవచ్చు మేడమ్. నా చేతులనైతే ఇంతే ఉంది."

కోర్టుకే పోదామన్నాను. ఈసారి సెల్వి వినలేదు. "కేసు అంటే పిల్ల అర్జీ ఆగిపోతదేమో. నేను పోయి వస్తా."

వెళ్లే ముందు వారం రోజులు కూర్చుని, ఇంకా కాలేజీలో చేరని కూతురికి రెండు తెల్ల యూనిఫాంలు కుట్టింది. లోపల బట్ట ఎక్కువ వదిలి, "ఒళ్లు చేస్తే విప్పి కుట్టుకో" అని స్టెల్లాకు చూపించింది. ఎన్నాళ్లకు తిరిగొస్తానని ఆమె అనుకుందో నాకు అప్పుడు తట్టలేదు.

కొలంబోలో ఆమె పెట్టుకున్న వీసా దరఖాస్తును, పాత ఓవర్‌స్టే కారణంగా తిరస్కరించారు. స్టెల్లా అర్జీ కదలక ముందే పద్దెనిమిదో పుట్టినరోజు దాటింది. దరఖాస్తుదారు మైనర్ కాదని రాసి ఫైలు వెనక్కి పంపారు. నర్సింగ్ ఫారంలో జాతీయత అన్న గడి దగ్గర స్టెల్లా ఆగిపోయింది. తల్లీకూతుళ్లిద్దరి తరఫునా హైకోర్టులో కేసు వేశాం. ఇంకా నడుస్తోంది. నేను వెళ్లినప్పుడల్లా ఏసోబు కుర్చీ వేసి, తను బయటికి వెళ్లిపోతాడు.

నా పరిశోధన పుస్తకంగా వచ్చాక ఒక ప్రతి తీసుకుని కోదాడ వెళ్లాను. స్టెల్లా మిషను మీద జాకెట్ కుడుతోంది. పేజీలు తిప్పింది.

"ఇందుల అమ్మ యాడుంది మేడమ్?"

చూపించాను. "పేరు మార్చాను. మా పద్ధతి అది. మీకు ఇబ్బంది కాకూడదని."

"ఇంకేం ఇబ్బంది మేడమ్? ఇన్నేండ్లు ఈడ ఉండి పోయింది. కేసు కాయితాల మీద తప్ప యాడా ఆమె పేరు లేదు. మీరన్న రాయకపోయిన్రా?"

అందుకే ఇక్కడ ఆమె పేరు మార్చలేదు.

ఇప్పుడు ఎవరైనా కాగితాలు పట్టుకుని వస్తే, గెలిచిన తీర్పుల గురించి చెప్పేముందు ఓడినవాళ్లకు ఏమైందో చెబుతున్నాను. సెల్వికి అది చెప్పలేదు. చెబితే ఆమె సంతకం పెట్టేది కాదేమో. కూతురి కోసం అయినా పెట్టేదేమో. ఏదైనా ఆమె తెలిసి తేల్చుకోవలసింది. ఆమె బదులు నా ధీమా తేల్చేసింది.